కారు గేటు దాటకముందే

మా అమ్మకు ఒక పట్టింపు ఉండేది. ఇంటికొచ్చిన చుట్టాలు ఊరికి బయల్దేరాక గంటసేపైనా గడవనిదే చీపురు ముట్టుకోనిచ్చేది కాదు. వెళ్లినవాళ్ల వెనకాలే ఊడిస్తే వాళ్లని ఊడ్చి పారేసినట్టేనట. అందుకని చుట్టాలు వెళ్లిన పూట మా ఇల్లు వాళ్ల ఆనవాళ్లతోనే ఉండేది. కిటికీలో సగం తాగిన టీ గ్లాసు, గూట్లో మరిచిపోయిన దువ్వెన, మంచం కింద పిల్లలు తిని పడేసిన పల్లికాయ పొట్టు. ఆ గంటలో ఇల్లు కాస్త బోసిగానూ, కాస్త నిండుగానూ ఉండేది.

డిసెంబరులో మోమిన్‌పేట్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో ఒకరోజు ఉండి తిరిగొస్తూ, కారు ఇంకా గేటు దాటకముందే అద్దంలో చూశాను. వాచ్‌మన్ భార్య పొరక పట్టుకుని వరండాలోకి వచ్చేసింది. ఆమె తప్పేం లేదు. మేము పదింటికి ఖాళీ చేయాలి, పన్నెండింటికి ఇంకో పార్టీ దిగుతుంది. ఆ రెండు గంటల్లో మూడు గదులు, రెండు బాత్రూములు, ఒక వంటిల్లు, పదమూడు మంది తిన్న గిన్నెలు. మా అమ్మ మాట విని గంట ఆగితే ఆమెకు మిగిలేది ఒక్క గంట.

హైదరాబాదు నుంచి ముంబయి రోడ్డు మీద పోయి సదాశివపేట దగ్గర ఎడమకు మళ్లితే, వికారాబాద్ పోయే దారిలో వస్తుంది మోమిన్‌పేట్. రోడ్డుకు అటూ ఇటూ ఎర్రనేల, పత్తి, కంది. ఇప్పుడు వాటి మధ్యలో అక్కడక్కడా ప్రహరీ గోడలు, గోడ మీంచి తొంగిచూసే కొబ్బరిచెట్లు, ఏదో ఒక ఇంగ్లీషు పేరు రాసిన గేటు. శుక్రవారం దాకా తాళం, శనివారం మధ్యాహ్నం నుంచి పాటలు.

ఆదివారం పొద్దున సామాన్లు సర్దుతుంటే మాలో రెండు పార్టీలు తేలాయి. "పద్దెనిమిది వేలు కట్టినం బావా, ఊడ్చుడు గూడ అండ్లనే వస్తది" అని మా బావమరిది. "మనం పోయినంక ఎంత రోత మనుషులో అనుకుంటరు" అని మా ఆవిడ. ఆవిడ అప్పటికే చున్నీ నడుముకు చుట్టి సింకు ముందు నిలబడింది. గోడకు వేలాడే అట్ట మీద తొమ్మిది నిబంధనలున్నాయి. వచ్చినప్పుడు ఇల్లు ఎలా ఉందో వెళ్లేటప్పుడు అలాగే ఉంచి వెళ్లాలన్నది ఆఖరిది. పదమూడు మంది ఒక రాత్రి ఉన్న ఇల్లు వచ్చినప్పటిలా ఎలా ఉంటుంది? మాలో ఇద్దరు గురక పెడతారు, గోడలు కూడా ఎంతో కొంత అలిసిపోయి ఉంటాయి.

అసలు ఈ పేచీ మనకు కొత్తది. మన లెక్కలో అతిథి విస్తరి అతిథి ఎత్తడు. ఎత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపుతారు. పెళ్లి బంతిలో ఏ పెద్దాయనో తన ఆకు తానే తీసుకుని లేచాడంటే, మర్యాదలో ఎక్కడ లోటు జరిగిందోనని ఆడపెళ్లివారి గుండెల్లో రాయి పడుతుంది. ధర్మరాజు రాజసూయంలో కృష్ణుడు వచ్చినవాళ్ల కాళ్లు కడిగాడనీ, ఎంగిలాకులు ఎత్తాడనీ గొప్పగా చెప్పుకుంటాం. ఆ కృష్ణుడి కాళ్లు కడిగిన కథ ఒకటి ఈ వికారాబాద్ జిల్లాలోనే ఉంది. వికారాబాద్ దాటితే వచ్చే అనంతగిరి స్థలపురాణం అది. దేవతల తరఫున యుద్ధం చేసి అలిసిపోయిన ముచుకుందుడు, తన నిద్ర చెడగొట్టినవాడు బూడిదైపోవాలని వరం పుచ్చుకుని ఈ కొండ గుహలో పడుకున్నాడు. కాసింత నిద్ర కోసం ఈ కొండలకొచ్చినవాళ్లలో మొదటివాడు ఆయనే అయ్యుంటాడు. పక్క తోటలో డీజే మోగిన రాత్రి ఆయన వరం నాకుంటే బాగుండుననిపించింది. కాలయవనుడు వచ్చి లేపి బూడిదయ్యాక, ఎదురుగా కనిపించిన కృష్ణుడి పాదాలు కడిగాడు ముచుకుందుడు. ఆ నీళ్లు ముచుకుందా నదిగా పారాయి. జనం నోట్లో అదే మూసీ. వచ్చినవాడి కాళ్లు కడిగితే నది పుట్టిన చోటు ఇది. ఆ నది హైదరాబాదు చేరేసరికి ఏమవుతోందో ఇక్కడ మాట్లాడను.

జిల్లాకు పేరిచ్చిన నవాబు వికారుల్ ఉమ్రాది ఇంకో రకం ఆతిథ్యం. 1884లో పునాది వేసి హైదరాబాదులో ఫలక్‌నుమా మహల్ కట్టుకున్నాడు, అప్పులపాలయ్యేంతగా కట్టుకున్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అతిథిగా వచ్చాడు. ఇల్లు నచ్చింది, ఉండిపోయాడు. నవాబు ఇల్లే నజరానాగా ఇచ్చేశాడు, నిజాం కూడా ఊరికే పుచ్చుకోకుండా డబ్బు ముట్టజెప్పాడని చెబుతారు. వెళ్లేముందు గది ఎంత శుభ్రం చేయాలన్న బెంగ ఆ అతిథికి రానే లేదు. ఆ ఇల్లు 2010 నుంచి తాజ్ హోటలు. డబ్బు కడితే మనమూ ఉండొచ్చు, కాకపోతే మర్నాడు ఖాళీ చేయాలి.

ఇది అతిథి కొలత. సత్రానిది వేరే కొలత. సత్రంలో దిగినవాడు బాటసారి, తన చాప తానే చుట్టుకోవాలి. తిరుమలలో గది తీసుకుంటే కాషన్ డిపాజిట్ కట్టాలి, ఖాళీ చేశాక తిరిగొస్తుంది. మా నాన్న ఆ డబ్బు కోసం కాదుగానీ, బయల్దేరేముందు మా అందరినీ గది బయట నిలబెట్టి తాను ఒక చుట్టు చుట్టొచ్చేవాడు. బకెట్టు నల్లా కింద, మగ్గు బకెట్లో. లడ్డూ పొడి రాలిన చోట తడి తువ్వాలుతో తుడిచేవాడు. "మన తర్వాత వచ్చేటోళ్లు ఏ రాత్రప్పుడో కొండెక్కి వస్తరు, వాళ్లకు చీమలు కుట్టాల్నా?" అనేవాడు. గది ఇచ్చినవాళ్ల మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన మాట్లాడిందల్లా వెనక వచ్చేవాళ్ల గురించే.

మరి ఫామ్‌హౌస్‌లో మనమెవరం? అతిథులమా అంటే డబ్బు కట్టాం. బాటసారులమా అంటే మధ్యాహ్నం బిర్యానీకి ఉల్లిగడ్డ కోసివ్వడానికి ఒక మనిషి ఉంది. ఓనరు హైదరాబాదులో ఉంటాడు, ఫోనులో తప్ప కనిపించడు. ఇల్లు ఆయనది, మురికి మనది, చేతులు ఆమెవి.

ఆ ఆదివారం పొద్దున వాచ్‌మన్ భార్య వంటింట్లోకి వచ్చింది. మా ఆవిడ గిన్నెలన్నీ తోమేసి, దుప్పట్లన్నీ అంచుకు అంచు కలిపి మడతపెట్టి బీరువాలో సర్దేసి, మెప్పు కోసం చూస్తోంది.

"మేడం, చెద్దర్లు బీర్వాల ఎందుకు పెట్టిన్రు? ఏది కప్పుకున్నరో ఏది కప్పుకోలేదో నాకెట్ల ఎరుకైతది? పోయిన నెల ఒకలు గిట్లనే మంచిగ మడతవెట్టి పోయిన్రు. ఉతికినయే అనుకొని నేను ఇంకోళ్లకు పరిస్తి. ఎంటికలు కనవడ్డయని సారు నన్నే తిట్టిండు."

అని బీరువాలో ఉన్నవన్నీ, ఉతికినవి ఉతకనివి, మొత్తం పద్దెనిమిది దుప్పట్లు కింద కుప్పేసింది. ఇప్పుడవన్నీ ఉతకాల్సిందే. మా ఆవిడ శుభ్రం ఆమెకు ఆరు దుప్పట్ల పని ఎక్కువ పెట్టింది. (ఈ దక్కనులో నేతపని చేసే ముస్లింలను మోమిన్లంటారు. దుప్పట్ల పేచీ ఇంకెక్కడా రానట్టు మోమిన్‌పేట్‌లోనే వచ్చిందేమా అని ఆ తర్వాత చాలాసార్లు నవ్వుకున్నాం.)

"మరేం చేసి పోవాలక్కా?" అని అడిగాను. ఎవరూ అడగరేమో, కొంచెంసేపు ఆలోచించింది.

"కప్పుకున్నయి మంచం మీదనే ఇడ్సిపెట్టుండ్రి. తిన్న గిన్నెలల్ల మెతుకులు తీసి, నీళ్లు వోసి పెట్టుండ్రి, ఎండినంక గీకుడే కష్టం. సీస పలిగితే చెప్పుండ్రి. గడ్డిల కనవడదు. మా పోరని కాలుకు దిగింది. ఇగ పిల్లల డైపర్లు మాత్రం ఇడిసి పోకుండ్రి సార్."

ఆ చివరిది నాకు అర్థం కాలేదు. ఇంటి వెనక్కి తీసుకుపోయి చూపించింది. పంచాయతీ చెత్త ట్రాక్టరు ఊళ్లో తిరుగుతుందిగానీ ఈ తోట దాకా రాదు. గోడ అవతల ఒక గుంత. వారానికోసారి అందులో అగ్గి పెడతారు. అట్టలు కాలతాయి, విస్తరాకులు కాలతాయి, ప్లాస్టిక్ గ్లాసులు కంపు కొడుతూ కరుగుతాయి. డైపర్లు కాలవు. తడిసి ఉబ్బి, అంచులు మాడి, గుంతలో తెల్లగా పడున్నాయి. కుక్కలు లాక్కుపోయినవి కొన్ని పక్కవాళ్ల కంది చేలో ఉన్నాయి. మేము చెత్తబుట్టలో పద్ధతిగా వేసి మూత పెట్టినవన్నీ చేరేది అక్కడికే. ఆ రోజు మా రెండు చెత్త సంచులూ డిక్కీలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం. కారులో వాసన గురించి మా బావమరిది సదాశివపేట దాకా మాట్లాడాడు.

డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకుతో ఈ ముచ్చట చెబితే వాడొక పురాణం విప్పాడు. అక్కడ రెండ్రోజులకు ఇల్లు తీసుకుంటే శుభ్రం చేసే రుసుము వేరే కట్టాలట. కట్టాక కూడా పక్కలు ఊడదీయాలి, తువ్వాళ్లు మెషీన్లో వేయాలి, చెత్త డబ్బాలు రోడ్డు దాకా దొర్లించుకుపోవాలి. జనం గోల పెట్టగా పెట్టగా 2022 నవంబరులో, ఇలా ఇళ్లు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ అధిపతి బ్రయాన్ చెస్కీ ఒక మాట చెప్పాడు: పక్కలు తీయించడం, బట్టలు ఉతికించడం, వాక్యూమ్ పట్టించడం అతి. లైట్లు ఆపి, మిగిలిన తిండి చెత్తలో వేసి, తలుపులకు తాళం వేసి పోతే చాలు. మోమిన్‌పేట్ అక్క చెప్పినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఇంతసేపూ నేను తప్పించుకుంటున్న సంగతి ఒకటుంది.

మోమిన్‌పేట్ ఫామ్‌హౌస్ వరండాలో పరిచినవి తాండూరు బండలు. నీలం కలిసిన బూడిదరంగు. చెప్పుల్లేకుండా నడిస్తే అరికాలికి చల్లగా తగులుతాయి. శనివారం రాత్రి యాట కూర గిన్నె ఒరిగి, పసుపూ నూనే కలిసి ఒక బండ మీద పారాయి. పొద్దున్న చూస్తే మరక. ఊడ్చుడు కూడా పద్దెనిమిది వేలల్లోనే వస్తుందన్న మా బావమరిదే, పాపం, మనసు ఒప్పక బాత్రూంలోంచి యాసిడ్ సీసా తెచ్చాడు. పోయగానే సుర్రుమని నురగొచ్చింది. తాండూరు బండంటే సున్నపురాయి. దాని మీద నిమ్మచెక్క పెట్టి మరిచిపోయినా గుండ్రంగా మచ్చ పడుతుంది, ఇక యాసిడ్ సంగతి చెప్పేదేముంది. నీళ్లు కొట్టి చూస్తే పసుపు పోయింది, బండ రంగూ పోయింది. అరచేయంత మేర తెల్లగా, గరుగ్గా, పాలిష్ లేచిపోయి ఉంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాడు గుమ్మం ముందున్న పట్టా కాలితో జరిపి దాని మీదికి తెచ్చాడు. నేనేమీ అనలేదు.

డిపాజిట్ ఐదు వేలు ఆదివారం రాత్రే ఫోనులో పడింది. సోమవారం నేను ఓనరుకు ఫోన్ చేసి బండ సంగతి చెప్పాను. డబ్బు చేతికొచ్చాక చెప్పే నిజానికి ఎంత విలువుంటుందో నాకూ తెలుసు. ఆయన తేలిగ్గా నవ్వేశాడు.

"అయ్యో, మీరా సార్! వాచ్‌మనోళ్లే ఏదో పోశారనుకున్నా. నిన్న బాగా తిట్టాను కూడా. పోనీండి."

ఉగాది దాటాక మళ్లీ వెళ్లాం. వెళ్లడానికి కారణం ఎండలని ఇంట్లో చెప్పాను. గేటు తీసింది ఆమే. వరండాలో ఆ బండ మీద ఇసుక పోసి, ఇసుక మీద పెద్ద నీళ్ల కుండ పెట్టి ఉంది. మూత మీద స్టీలు గ్లాసు. నా చూపు ఎక్కడుందో ఆమె చూసింది.

"గది మీ మచ్చనే సార్" అంది, నవ్వుతూ. "కుండ పెట్టేదానికి జాగ దొరికింది."

చెప్పాలనుకున్నది చెప్పబోయాను. అప్పటికే గ్లాసు ముంచి చేతికిచ్చింది.

మర్నాడు పిల్లల్ని ఏడింటికే లేపాం. మా ఆవిడ కప్పుకున్న దుప్పట్లన్నీ మంచాల మీదే వదిలేయించింది. చూడ్డానికి గదులు రణరంగంలా ఉన్నాయి. గిన్నెల్లో నీళ్లు పోశాం. చెత్త డిక్కీలో. పదింటిదాకా టైముందని మా బావమరిది గునుస్తూనే ఉన్నాడు. తొమ్మిదింటికల్లా కారెక్కాం.

గేటు దగ్గర అద్దంలో చూశాను. పొరక గోడకు ఆనించి ఉంది. ఆమె వరండా మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని చాయ్ తాగుతోంది.