దలాల్ వీథిలో ఒక పూట

మేము గుమాస్తాగా ఉన్న షోలాపూర్ బడిలో వాణిజ్యశాస్త్రం చదివే పిల్లలను వెంటబెట్టుకొని, సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి, తెల్లవారి ముంబయిలో దిగాము.

దలాల్ అంటే మన దళారియే. వీథి ఇరుకైనది. 1850 ప్రాంతాల దళారులు టౌన్‌హాలు ఎదుటి మఱ్ఱిచెట్ల నీడను బేరాలాడేవారట. 1875లో సంఘంగా ఏర్పడ్డారు. 1995 వరకు కేకలతో సాగిన వ్యాపారం నేడు కంప్యూటర్లలో సద్దు లేకుండా నడుస్తున్నది.

కంచు ఆబోతు వద్ద నిలిచి మాష్టారు చెప్పారు: “పది మగ్గాల కార్ఖానాను నూరు పాళ్ళు చేస్తే, ఒక్కొక్క పాలు ఒక వాటా. లాభంలోను, నష్టంలోను అంతే పాలు.”

“ధర పడితే ఆ డబ్బెవరు తీసుకుంటారు, సార్?” అన్నాడొక నేతవారి పిల్లవాడు.

“ఎవరూ తీసుకోరు. నిన్న నూరు ఇస్తామన్నవారు నేడు అరవైకే కొంటామంటున్నారు.”

మేము తలవంచుకున్నాము. ఎవరో చెప్పారని, కంపెనీ ఏమి చేస్తుందో కూడా అడగక, అమ్మాయి పెండ్లికి దాచినదానిలో సగం పోగొట్టుకున్నవారము మేము.

తిరుగు రైలులో పిల్లలకు ఆ సంగతి చెప్పాము. ఎవరూ నవ్వలేదు.

“ఇంట్లో తెలుసా, కాకా?” అన్నాడు ఆ పిల్లవాడే.

షోలాపూర్‌లో దిగి, కాళ్ళు కడుక్కోకముందే ఇంట్లో చెప్పాము.