గంటు పైన

కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున మా అమ్మమ్మగారిల్లు. అందులో పడమటి చివరి గదిని అందరూ పురిటిగది అనేవారు. అమ్మ, పిన్నులు పురుళ్లు పోసుకున్నది అక్కడే. నేను పుట్టిందీ అక్కడే. పురిటివాళ్లు లేని రోజుల్లో ఊరగాయ జాడీలు, కొబ్బరికాయల గుట్ట, పట్టెలు ఊడిన మంచం ఉండేవి. తలుపు తీస్తే ముందు సాంబ్రాణి వాసన, దాని వెనకే మాగాయ వాసన.

సంక్రాంతి ముందు ఇంటికంతా వెల్ల. పెరట్లో గోలెంలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికేవి. "కళ్లలో పడితే ఇంతే సంగతులు, అవతలికి పొండర్రా" అని అమ్మమ్మ కేకలేసేది. చల్లారాక పాత పంచెతో వడకట్టి, చేతికంటకుండా తుమ్మజిగురు, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు కలిపేవారు. వేసినప్పుడు గోడ మురికిగానే కనిపించేది. ఆరేకొద్దీ, ఒక మూల నుంచి మరో మూలకి తెల్లబడుతూ పోయేది. అది చూడ్డానికి అన్నం కంచాలు ఆ గదిలోకే తెచ్చుకునేవాళ్లం.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పారింది. నాకు తొమ్మిదేళ్లు. అటక మీద కూర్చుని, కింద జాడీలు ఒకదానికొకటి తగులుతూ తేలడం చూశాం. నీళ్లు తీశాక గదిలో మోకాటి లోతు ఒండ్రు. తాతయ్య కొబ్బరికత్తి తెచ్చి, టేకు ద్వారబంధం మీద నీటిమట్టం దగ్గర ఒక గంటు పెట్టారు. దానికి జానెడు కింద, అరిగి నల్లబడిన గంటు ఇంకోటి ఉంది. "అది 53 వరదది. మా నాన్న పెట్టాడు" అన్నారు. కొత్త గంటు సరిగ్గా నా గొంతుకి వచ్చింది.

తర్వాత ఎప్పుడో, గట్టిగా ఉంటుందని ఛాతీ ఎత్తు దాకా సిమెంటు పూయించి, పైన ఆయిల్ పెయింటు కొట్టించారు. రెండు వానాకాలాలకే రంగు బొబ్బలెక్కింది. సిమెంటు ఆగిన చోటికి పైన, గోడంతా ఉప్పు పూసింది. గదికి తాళం పడింది.

మొన్న మావయ్య కొడుకూ నేనూ కలిసి ఆ గది బాగు చేయించాం. మేస్త్రి పెద్దాయన, సున్నం పని తెలిసినవాడు. గోడ మీద వేలితో కొట్టి చూసి, "చెమ్మ పోయే దారి మూసేసి పైన రంగులేస్తే అదెక్కడికి పోద్దండీ?" అన్నాడు. పాత గోడ ఇటుకా సున్నమూ. నేలలోంచి ఎక్కే తడి సున్నంలోంచి ఆరిపోతుంది. సిమెంటు అడ్డుపడితే ఇంకా పైకెక్కి, బయటపడ్డ చోట ఉప్పు వదులుతుంది. మేం ఏళ్ల తరబడి గోడ పాడైందనుకున్నాం. పాడు చేసింది మా మరమ్మతే.

సిమెంటంతా ఉలితో ఊడగొట్టించి, వేసవంతా గోడని అలాగే వదిలేశాం. సున్నం నెల్లాళ్లు తొట్టిలో నానింది. ఇసకతో కలిపేటప్పుడు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోశాడు మేస్త్రి. పూశాక తొందరగా ఆరితే బీటలిస్తుందని తడి గోనెలు కట్టించాడు. పైన పల్చగా మూడు పూతలు వెల్ల, నీలిమందుతో సహా. ఆ రోజు నేను అన్నం అక్కడే తిన్నాను.

ద్వారబంధం రంగు గీకుతుంటే లప్పం ముక్క ఊడి గంటు బయటపడింది. కాస్త కింద రెండోది. "పూడ్చెయ్యమంటారా?" అన్నాడు పెయింటర్. వద్దన్నాం. టేకుకి నూనె పట్టించి ఊరుకున్నాం.

చివర్లో కరెంటు పనివాడు వచ్చాడు. "ప్లగ్గులు నేల నుంచి అడుగెత్తులో పెడతానండి, అందరిళ్లలోనూ అంతే" అన్నాడు. మేస్త్రి మాట్లాడకుండా అతన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి, పై గంటు మీద వేలు పెట్టి చూపించాడు.

ఇప్పుడు ఆ గదిలో ఫోను ఛార్జింగు పెట్టాలంటే మంచం మీంచి లేచి నిలబడాలి. వచ్చిన చుట్టాలంతా విసుక్కుంటారు. బోర్డులన్నీ 86 గంటుకి జానెడు పైనే ఉన్నాయి.