జాబితాలో రాయని పేరు

మేం ముగ్గురం కలిసి రాస్తున్న మాటలివి. ఒకరిది జనగామ దగ్గర తండా. ఒకరిది మహబూబాబాద్ జిల్లాలో గూడూరు వైపు తండా. ఇంకొకరిది భూపాలపల్లి దాటినంక మహాముత్తారం అడవి వైపు కోయగూడెం. ముగ్గురం కాకతీయ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాం. ఇప్పుడు ఒక విశ్వవిద్యాలయంలో సహోద్యోగులం. ఇద్దరం ఒప్పందం మీద పాఠాలు చెప్తున్నాం, ఒకరం ఆఫీసులో ఫైళ్ళు చూస్తున్నాం.

కాకతీయ విశ్వవిద్యాలయం 1976 ఆగస్టులో ఏర్పడింది. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చిన చట్టం కూడా ఆ ఏడాదిదే. మా తాతల కాలంలో ఈ రెండూ లేవు. మా నాయనలు వేలిముద్ర వేశారు. మేం సంతకం పెట్టి లోపలికి పోయాం. పోయినంక తెలిసింది, అక్కడ మొదటి పాఠం క్లాసురూములో ఉండదు, కౌంటర్ దగ్గర ఉంటుందని.

మా పేర్ల కథ మీకు తెలిసిందే. బడిలో చేర్చేటప్పుడు సారు తనకు వినపడ్డట్టు రాస్తాడు. ఒక కాగితంలో బానోతు, ఇంకో కాగితంలో భానోత్. పదో తరగతి మెమోలో నాయక్ ఉంటది, ఆధార్‌లో ఉండదు. కోయ ఇంటిపేర్లదీ అదే గతి, పూనెం ఒకచోట, పూణెం ఒకచోట. దీనికి తోడు 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ఐదు ముక్కలైంది. మెమోలో వరంగల్ జిల్లా, కొత్త కుల ధ్రువపత్రంలో మహబూబాబాద్ జిల్లా. 2018 తర్వాత తండాలు గ్రామ పంచాయతీలు అయినయి. మంచిదే, కానీ చిరునామా మళ్ళీ మారింది. మనిషి ఒక్కడే, కాగితాల్లో నలుగురు.

మాలో ఒకరికి ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన పడింది. తెల్లారితే పరిశీలన. ముందురోజు మధ్యాహ్నం చూసుకుంటే రెండు కాగితాల్లో ఇంటిపేరు రెండు తీర్లు. అప్పటికే వేరే ఒక ఆఫీసులో ఆ తప్పు దిద్దించడానికి ఏడుసార్లు తిరిగి ఉన్నాం. ఇక ఆశ లేదనుకుంటూనే చదువుకున్న చోటికి పోయాం. రికార్డుల దగ్గర ఒక అన్న ఉన్నాడు. కాగితాలు చేతికి తీసుకుని, మొహం చూసి, కూర్చోమన్నాడు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు అటక మీది నుంచి దించాడు. దుమ్ముకు తుమ్ముతూనే పేజీలు తిప్పాడు. మొదటి ఎంట్రీ దొరికింది. ఇద్దరూ ఒకే మనిషని ధ్రువీకరిస్తూ కాగితం తయారుచేసి, అధికారి ఇంటికి బయలుదేరుతుంటే మెట్ల మీద ఆపి సంతకం చేయించాడు. మేం తప్పైందని ఏదో గొణిగితే ఆయన అన్నది ఇదే:

"తప్పు నీదెట్లయితది తమ్మీ? మీ నాయనకు సదువు రాదు. రాసినోడు ఇన్నట్టు రాసిండు. పో, బస్సు పోతది."

చాయ తాగుదాం రమ్మంటే రాలేదు. ఆ ఉద్యోగం మాకు రాలేదు గానీ, ఆ రోజు రానివ్వకుండా చేసింది మాత్రం కాగితం కాదు.

ఇట్లాంటివి చాలా ఉన్నయి. స్కాలర్‌షిప్ సెక్షన్ మేడం, ఈ-పాస్‌లో బ్యాంకు ఖాతా నంబరు తప్పు పడ్డ పిల్లలకు తానే ఫోన్లు చేసి పిలిపించేది. హాస్టల్ వంట మాస్టర్, సెలవులకు మెస్ మూసినా ఇంటికి పోలేని నలుగురికి తన ఇంటి బియ్యం వండేవాడు. మా తరఫున అధికారికి ఒక్క ఉత్తరం కూడా రాయలేదు మేము. అప్పుడు తెలియదు.

సహోద్యోగులమయ్యాక చేసిన మేలు ఇంకో రకం. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. ఆ రోజు భూపాలపల్లి మనిషి డ్యూటీలో ఉన్నాడు. ఇంటికి ఫోన్ కలవదు. దారి బంద్. పరీక్షల విభాగం అక్క వచ్చి, "నీ పని నేను చూస్తా, నువ్వు ఫోన్ పట్టుకుని కూసో" అన్నది. నాలుగు రోజులు ఆమె రెండు కుర్చీల పని చేసింది. వాచ్‌మన్ తాత తన గదిలో ఫోన్ చార్జింగ్ పెట్టుకోనిచ్చి, రాత్రి కలిసినప్పుడల్లా లేపేవాడు. మూడో రోజు ఇంట్లోవాళ్ళ గొంతు వినపడింది.

మా ఇండ్లల్లో ధన్యవాదాలు అని ఎవరూ అనరు. మేలు చేసిన మనిషి గుమ్మంలోకి వస్తే మంచం వాల్చి నీళ్ళిస్తాం, ఉన్నది వడ్డిస్తాం, అంతే. కానీ ఆఫీసులో మంచం వాల్చలేం. అందుకే పోయిన ఏడాది అటెండర్ అన్న రిటైరయ్యే రోజున, మాకు సాయం చేసినవాళ్ళందరికీ కలిపి చిన్న సన్మానం పెట్టుకుందామనుకున్నాం. ఒక సార్ అడిగాడు, "జీతం తీసుకునే చేస్తున్నరు గదా, శాలువాలెందుకు?" అని. మేం జవాబు చెప్పలేదు. జీతం తీసుకుని ఏడుసార్లు తిప్పినవాళ్ళనూ చూసినం కాబట్టి తేడా మాకు తెలుసు.

జాబితా రాశాం. పదకొండు పేర్లు. హాజరు పట్టిక ముందు పెట్టుకుని రాశాం, అదే మేం చేసిన పొరపాటు.

ఆ రోజు కుర్చీలు తుడిచి వేసింది, నీళ్ళ గ్లాసులు పెట్టింది, చాయ పోసింది అవుట్‌సోర్సింగ్‌లో ఊడ్చే పని చేసే అక్క. హాజరు పట్టికలో ఆమె పేరు ఉండదు, ఏజెన్సీ దగ్గర ఉంటది. పదకొండు శాలువాలు అయిపోయినయి. అటెండర్ అన్నను మాట్లాడమంటే లేచి, "తాళాలు నా దగ్గర ఉండె గని, ఇరవై ఏండ్ల సంది పొద్దుగాల ఆరింటికి వచ్చి ఊడ్చింది ఆమె. ఆమెను పిలువరాదుండ్రి" అని గుమ్మం వైపు చూపించాడు. ఆమె చేతిలో చాయ కెటిల్ ఉన్నది. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తండాలో పుట్టి, గూడెంలో పుట్టి, పట్టికలో లేని మనిషి కనపడకపోవడం ఏమిటో అనుభవించి వచ్చినవాళ్ళం మేము.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో పరిశోధన చేస్తున్నవాళ్ళు ఉంటారు. కృతజ్ఞతల పేజీలో గైడు పేరు ఎట్లాగూ రాస్తారు. పుస్తకం వెతికి ఇచ్చిన మనిషి పేరు కనుక్కుని రాయండి. ఉద్యోగులైతే పై అధికారికి ఒక ఉత్తరం రాయండి. అది వాళ్ళ సర్వీసు ఫైల్లో చేరితే శాలువా కంటే పనికొస్తది. పంతుళ్ళు మీరు కూడా, బడిలో వంట చేసే అమ్మ పూర్తి పేరు పిల్లలకు చెప్పండి. మేం చేయనివి చెప్తున్నామని మాకు తెలుసు.

మరుసటి రోజు పన్నెండో శాలువా కొనుక్కుని ఆమె దగ్గరికి పోయినం. ఆమె మెట్లు తుడుస్తున్నది. శాలువా చూసి నవ్వి పక్కన పెట్టింది.

"ఇది తర్వాత చూద్దాం సారూ. రెండు నెల్ల జీతం పడలేదు. మీకు రాసుడొస్తది గదా, ఒక కాయిదం రాయుండ్రి."

మెట్ల మీదనే కూర్చుని రాశాం. ఆమె ఒక్కదాని పేరు కాదు, అట్లాంటి తొమ్మిది మంది పేర్లు చెప్పింది. ఒక్కొక్క పేరు అక్షరం అక్షరం అడిగి, ఇంటిపేరు రెండుసార్లు సరిచూసుకుని రాశాం. కింద తొమ్మిది సంతకాలు, అందులో మూడు వేలిముద్రలు. మేం ముగ్గురం కూడా సంతకాలు పెట్టి లోపల ఇచ్చి, ఇన్‌వార్డు నంబరు వేయించుకున్నాం. ఒక నెల జీతం పడింది. రెండో నెలది ఇంకా రావాలె. రెండో ఉత్తరం తయారైంది, సోమవారం ఇస్తున్నాం.