ఎనిమిది గ్రాముల తీరిక

ఆటోనగర్‌లో టీని "చెప్తారు". "ముందు రెండు టీ చెప్పు, తర్వాత లెక్క చూద్దాం." "వచ్చిన మనిషికి టీ చెప్పావా లేదా?" టీ చెప్పడమంటే కూర్చో, నీతో మాట్లాడే పనుంది అని. బాడీలు కట్టే షెడ్డుల్లో రేటు తెగేది, పాత బాకీ కదిలేది, కొత్త కుర్రాణ్ని పనిలోకి తీసుకునేది ఆ సగం గ్లాసు టీ మీదే. వన్ బై టూ అంటే పొదుపు అనుకుంటారు బయటివాళ్లు. పొదుపేం లేదు అందులో. రోజుకి పదిసార్లు కూర్చోవాలంటే గ్లాసు చిన్నదై ఉండాలి, అంతే.

మా నాన్న ముప్పయ్యెనిమిదేళ్లు అక్కడ లారీ బాడీలు కట్టాడు. కంపెనీ నుంచి ఒట్టి ఛాసిస్ వస్తే దాని మీద క్యాబినూ తొట్టీ కట్టి, రంగులేయించి, రోడ్డెక్కించడం ఆయన పని. రోజుకి పది పన్నెండు టీలు. షుగరొచ్చాక డాక్టరు ముందు కోసింది వాటినే. ఇంట్లో చక్కెర లేకుండా అమ్మ పాల టీ పెడితే ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేవాడు. షెడ్డు దగ్గర ఆ దారీ లేదు. బండి మీద టీ మరిగేటప్పుడే చక్కెర పడిపోతుంది, ఒక్కడి కోసం విడిగా కాచరు. దాంతో నాన్న షెడ్డుకి వెళ్లడమే తగ్గించేశాడు. ఎవరైనా వస్తే టీ చెప్పాలి, చెప్తే తనూ తాగాలి, తాగకూడదు. "చేతిలో గ్లాసు లేకుండా మనిషి ఎదురుగా ఎట్టా కూర్చుంటామే?" అన్నాడు అమ్మతో.

దీనికి తోడు చెవులు. రేకు మీద సుత్తి దెబ్బల మధ్య బతికిన మనిషి. హియరింగ్ ఎయిడ్ కొన్నాం. అది మాటతో పాటు గ్రైండర్ మోతని కూడా పెంచి వినిపిస్తోందని జేబులో వేసుకు తిరుగుతాడు. నేను హైదరాబాద్ నుంచి నెలకోసారి వచ్చి ఆయనతో మాట్లాడ్డమంటే అరవడమే. అరిచి చెప్పగలిగిన మాటలు కొన్నే ఉంటాయి: అన్నం తిన్నావా, మాత్ర వేసుకున్నావా. షెడ్డు అద్దెకిచ్చేద్దామా అని ఎలా అరుస్తాం? పక్కింటికి వినపడుతుంది, అదొకటి. పైగా ప్రశ్నని గట్టిగా అరిస్తే తీర్పులా ఉంటుంది.

ఈ ఇరుకులోకి ఒక రేకు డబ్బా వచ్చింది. మా వీధిలో బేరింగుల వ్యాపారం చేసే బాబాయి ఒకాయన గ్వాంగ్‌జౌలో కాంటన్ ఫెయిర్ చూడ్డానికి వెళ్లొచ్చాడు. 1957 నుంచీ ఏటా వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి జరిగే వ్యాపారుల తిరనాళ్ల అది. సరుకు ఇచ్చే ఆయన రేటు మాట ఎత్తకుండా గంటసేపు బొమ్మరిల్లు కప్పుల్లో టీ పోస్తూ కూర్చున్నాట్ట. "మన ఆటోనగర్ పద్ధతే, కాకపోతే వాడు టీ చెప్పకుండా తనే కాచాడు" అన్నాడు బాబాయి. వచ్చేటప్పుడు డబ్బా చేతిలో పెట్టాట్ట. అందులో వేలెడంత పొట్లాలు, నిగనిగలాడే కాగితంలో అతికించినవి. మీదంతా చైనా అక్షరాలు, మనకి తెలిసింది ఒకటే అంకె: 8. బాబాయి వాళ్లింట్లో ఒక పొట్లం చింపి పాలల్లో మరిగించారు. "మాడు వాసనొచ్చింది. మీ అమ్మాయి ఇట్టాంటివి తాగుద్దిగా" అని మిగతావి మా ఇంటికి పంపేశాడు.

అది వూయీ కొండల ఊలాంగ్. ఫుజియన్‌లో రాతి కొండల సందుల్లో పెరిగే చెట్ల ఆకు కాబట్టి "యాన్‌చా", రాతి టీ అంటారు. కోసిన ఆకుని వాడ్చి, అంచులు నలిగేలా కుదిపి, సగం ఎర్రబడనిచ్చి, ఆపైన బొగ్గుల సెగ మీద నిదానంగా కాలుస్తారు. పూర్తిగా ఎర్రబడనిస్తే మనకి తెలిసిన టీ, అసలు ఎర్రబడనివ్వకపోతే గ్రీన్ టీ, ఈ రెంటి మధ్యదంతా ఊలాంగే.

మన బండి మీద మరిగేది సీటీసీ డస్టు. ఆకుని నలిపి, చింపి, చుట్టచుట్టే ఆ యంత్రం 1930ల్లో అస్సాంలో పుట్టింది. ఆకు దాచుకున్నదంతా రెండు నిమిషాల్లో కక్కించే ఏర్పాటు. పాలు, చక్కెర, అల్లం అన్నిటినీ తట్టుకుని పైకి తేలాలంటే అంత జోరు ఉండాల్సిందే. దాన్ని చిన్నచూపు చూసే టీ రసికుల మీద నాకు పెద్ద గౌరవం లేదు. మే నెల మధ్యాహ్నం మూడింటికి రేకుల షెడ్డు కింద వెల్డింగ్ చేసేవాడికి కావాల్సింది రాతి టీ కాదు.

కానీ ఈ పొట్లం లెక్క వేరు. టీ బ్యాగు మీకు తెలుసు: ఒక బ్యాగు, ఒక కప్పు, ఒక మనిషి. లోపల ఉండేది ఎక్కువగా పొడే. ఈ ఎనిమిది గ్రాముల పొట్లంలో విరగని ఆకు ఉంటుంది, అది ఒక కప్పుకి కొలత కాదు, ఒక కూర్చోడానికి కొలత. నూట పది మిల్లీలీటర్ల మూతగిన్నెలో (గైవాన్ అంటారు) వేస్తే గిన్నెలో చాలాభాగం ఆకే. తెర్లుతున్న నీళ్లు పోసి వెంటనే ఒంపి పారేయాలి, బియ్యం కడిగినట్టు. మళ్లీ పోసి పది సెకన్లు. ఆ తర్వాత పదిహేను, ఇరవై, ముప్పై. ఏడెనిమిది సార్లు అదే ఆకు, ప్రతిసారీ వేరే రుచి. అదే ఆకుని అదే గిన్నెలో ఐదు నిమిషాలు వదిలేస్తే నోట పెట్టలేం. పొట్లం ఒకసారి చింపితే ఇక దాచే పని లేదు, మన తేమకి రెండు రోజుల్లో మెత్తబడుతుంది. చింపామంటే ముప్పావు గంట కూర్చోడానికి ఒప్పుకున్నట్టే.

ఈ పద్ధతి పేరు గోంగ్‌ఫూ చా. అవును, ఆ కుంగ్‌ఫూయే. బ్రూస్ లీ సినిమాల వల్ల మనకి అది తన్నులాట అయింది గానీ, మాటకి అసలర్థం శ్రమతో, సమయంతో పట్టుబడే నేర్పు. తెలుగులో ఒక్క మాట చెప్పమంటే "పనితనం" అంటాను. ఇంకోలా రాస్తే, అంటే మొదటి అక్షరం మారిస్తే, అదే మాటకి తీరిక అనే అర్థమూ ఉంది. పనీ తీరికా ఒకే మాటలో ఇమిడిన భాష మీద నాకు కొంచెం అసూయ.

దీనికి పేరున్న ఊరు గ్వాంగ్‌డాంగ్ తూర్పు కొసన ఉన్న చావోజౌ. 1786లో వూయీ కొండలెక్కిన కవి యువాన్ మే, అక్కడి సన్యాసులు అక్రోటుకాయంత కప్పుల్లో టీ ఇచ్చారని రాశాడు. అంతకుముందు ఆయనకి ఈ టీ మందులా చేదని అయిష్టమట. చావోజౌ పద్ధతిని చైనా 2008లో జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది, 2022లో యునెస్కో చైనా టీ సంప్రదాయాలన్నిటినీ కలిపి గుర్తించినప్పుడు ఇదీ అందులో ఉంది. నాకు వీటన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకోటి. చైనాలో ఎక్కువమంది "చా" అంటే, ఫుజియన్ తీరం, చావోజౌ వైపు జనం "తే" అంటారు. ఓడలెక్కి వచ్చిన టీ అది, రోడ్డున వచ్చింది చాయ్. మన తేయాకులో, తేనీరులో ఉన్న "తే" ఆ తీరపు మాటే. బెజవాడలో మేం దాన్ని కాచడం అంత పరాయి పనేం కాదన్నమాట.

గైవాన్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. కింద పెట్టే పళ్లెం బదులు స్టీలు తాంబాళం, నీళ్లు మామూలు బబుల్ నీళ్లే. మొదటిరోజు వేళ్లు కాలి నేను గైవాన్ ఎత్తలేకపోతుంటే నాన్న తీసుకున్నాడు. పింగాణీ అంచుని బొటనవేలూ నడిమివేలూ మధ్య పట్టి, చూపుడువేలు మూత మీద పెట్టి, సందులోంచి సన్నటి ధారగా ఒంపాడు. నలభై ఏళ్లు వెల్డింగ్ చేసిన వేళ్లు, వాటికి వేడి ఆనదు. ఒక గుక్క తాగి, "కొలిమి బొగ్గు వాసన" అన్నాడు. మెచ్చుకున్నాడో లేదో తెలీలేదు. రెండోసారి పోశాక, "కొలిమి చల్లారాక" అని సవరించాడు.

నేను ఫోన్లో టైమర్ పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇనుము కాలిందో లేదో రంగు చూసి చెప్పే మనిషికి టైమర్ చూపించడం అవమానమే. మూత కొంచెం జరిపి, నీళ్ల రంగు చూసి, ఒంపేశాడు. మూడోసారికి నాకంటే బాగా కుదిరింది.

కప్పులు మూడు. చావోజౌలో మనుషులు ఎందరున్నా కప్పులు మూడే పెట్టి, కడిగి, ఒకరి తర్వాత ఒకరికి ఇస్తారట. కప్పుల్ని ఆనించి పెట్టి గుండ్రంగా తిప్పుతూ పోస్తారు, ఎవరికీ చిక్కగా ఎవరికీ పల్చగా రాకుండా. ఆఖరి చుక్కల్ని కూడా కప్పుకొకటి చొప్పున పంచుతారు. దానికి పాత సేనాపతి పేరు పెట్టి, హాన్ షిన్ సైన్యాన్ని లెక్కపెడుతున్నాడంటారు. మా ఇంట్లో ముగ్గురమే కాబట్టి లెక్క సరిపోయింది. అమ్మ మాత్రం రెండో కప్పుతో లేచిపోయింది: "కషాయం తాగడానికి జ్వరమేమన్నా వచ్చిందా?" మూడో కప్పు కాసేపు బాబాయి కోసం ఖాళీగా ఉండేది, ఆయన రావడం మొదలుపెట్టేదాకా.

ఎవరైనా పోస్తే థాంక్స్ చెప్పడానికి రెండు వేళ్లు మడిచి బల్ల మీద తట్టాలని బాబాయే నేర్పాడు. చియన్‌లాంగ్ చక్రవర్తి మారువేషంలో తన నౌకరుకి టీ పోశాడనీ, బయటపడకుండా మోకరిల్లడానికి ఆ నౌకరు వేళ్లు మడిచి తట్టాడనీ గ్వాంగ్‌జౌలో కథ చెప్తారట. నాన్నకి ఆ కథ సగమే వినపడి ఉంటుంది. తట్టడం మాత్రం పట్టేశాడు. మాట అక్కర్లేని మర్యాద ఆయనకి చాలాకాలం తర్వాత దొరికింది. చాలు అనడానికి అరచెయ్యి కప్పు మీద, ఇంకోటి పొయ్యి అనడానికి కప్పు ముందుకి. ముప్పావు గంట మేం అరుచుకోకుండా కూర్చున్నాం.

ఆ సెప్టెంబరులో ఒక శనివారం అడిగాను. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి అని కేంద్రం ముందే చెప్పింది. అది ఒక్కటే కారణం కాదు, అంతకు ఎన్నో ఏళ్ల ముందే క్యాబిన్లు కంపెనీలోనే తయారై రావడం మొదలైంది, మా షెడ్డుకి తొట్టి పనులూ రిపేర్లూ మిగిలాయి. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, ఎవరం నోరెత్తలేదు. ఐదోసారి నీళ్లు పోశాక, రుచి పల్చబడి తియ్యదనం మొదలయ్యే చోట, ఒక కాగితం మీద రాసి తాంబాళం పక్కన పెట్టాను: టైర్ల గోడౌన్‌కి అడుగుతున్నారు, నెలకి ఇంత. నాన్న చదివి మడతపెట్టాడు. ఒంపాడు. ముగ్గురి కప్పులూ నింపి, ఆఖరి చుక్కలు లెక్కపెట్టాడు. జేబులోంచి మిషను తీసి చెవికి పెట్టుకున్నాడు.

"అడిగేది నువ్వా, మీ అమ్మా?"

"నేనే నాన్నా."

"పనోళ్లు ఇద్దరున్నారు. వాళ్ల సంగతి?"

గంటసేపు మాట్లాడుకున్నాం, మామూలు గొంతుతో. ఆకు ఎనిమిదోసారికి వట్టి వేడి నీళ్లయింది, అయినా పోస్తూనే ఉన్నాడు. పనోళ్లలో ఒకతన్ని బాబాయి తీసుకున్నాడు. రెండో ఆయన మా నాన్న వయసువాడే, సొంతూరు గుడివాడ వైపు వెళ్లిపోయాడు. దాని గురించి నాన్న ఇప్పటికీ తేలిగ్గా మాట్లాడడు, నేనూ ఎత్తను.

దసరా వెళ్లాక అగ్రిమెంటు రాసుకున్నాం. వేపచెట్టు వైపు గోడ వారగా ఆరడుగుల జాగా, అక్కడున్న చెక్క బెంచీ, ఒక ప్లగ్గు పాయింటు మినహా అని నాన్న పట్టుబట్టి రాయించాడు. టైర్ల వాళ్లకి ఆ ప్లగ్గు ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడు దానికి ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటుంది. డబ్బాలో పొట్లాలు ఎప్పుడో అయిపోయాయి, ఆన్‌లైన్‌లో తెప్పిస్తుంటే ఖరీదు ఎక్కువని నాన్నకి చెప్పలేదు. పొద్దున్న పదకొండింటికి బాబాయి కొట్టు వదిలి వస్తాడు, టైర్ల కుర్రాడు మూడో కప్పు. ఆ కుర్రాడికి ఇది నచ్చదు, తాగి, వేళ్లతో బెంచీ మీద తట్టి, బయటికెళ్లి బండి మీద అసలు టీ చెప్పుకుంటాడట.