ఉక్కు పిట్ట

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి "అన్నా, సావనీరుకు ఏమన్న రాసియ్యి, పేజీలు ఖాళీగున్నయి" అన్నప్పుడు, నిజం చెప్పొద్దూ, కొంచెం గర్వపడ్డాను. ఆ రాత్రి కాగితం ముందర పెట్టుకొని కూర్చుంటే గర్వమంతా దిగిపోయింది. మిత్రులు నిరుద్యోగం మీద రాస్తున్నారు, వరకట్నం మీద రాస్తున్నారు. వాటి మీద నాకన్నా బాగా రాయగలవాళ్ళు మన కాలేజీలో చాలామందే ఉన్నారు. నాకు నిజంగా తెలిసిన విషయం ఒక్కటే. అది ఒక ఉక్కు పిట్ట. ప్రాణమున్న పిట్ట కాదు, జపానువాళ్ళ పోకెమాన్ ఆటలోని ఒక జీవి. ఈ మాట చదవగానే గురువర్యులు పేజీ తిప్పేస్తారేమోనని నా భయం. దయచేసి ఓపిక పట్టండి. ఇందులో ఒక గణితం బ్యాక్‌లాగు కూడా ఉంది.

మాది ఇచ్చోడ. నాగపూర్ నుంచి హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు మీద, ఆదిలాబాదుకూ నిర్మల్‌కూ నడుమ ఉంటుంది. బస్సులో నిద్రపోయేవాళ్ళకు మా ఊరు తెలియదు, చాయ్‌కి దిగినవాళ్ళకు తెలుస్తుంది. చుట్టూ పత్తి చేన్లు, సోయా చేన్లు. సంతనాడు నిలబడితే తెలుగు, గోండి, లంబాడీ, మరాఠీ నాలుగూ ఒకేసారి చెవిన పడతాయి. మా తాత కమ్మరి. నాగళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చినంక కర్రులు చేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. మా బాపు కొలిమి విడిచి రెండెకరాలు కౌలుకు పట్టి పత్తి పెట్టాడు. తాత మాత్రం విడువలేదు. ఎవరో ఒకరు కొడవలికి పదును పెట్టమనో, గొడ్డలి సాపమనో వస్తూనే ఉంటారని ఆయన నమ్మకం.

2020లో పరీక్షలు రద్దయి పదవ తరగతి అందరమూ గట్టెక్కిన బ్యాచ్ మాది. ఇంటర్‌లో ఆన్‌లైన్ క్లాసులన్నారు. బాపు, రాబోయే పత్తిని చూపించి అప్పు తెచ్చి నాకొక ఫోన్ కొనిచ్చాడు. "సదువుకే బిడ్డా" అని ఒక్క మాటన్నాడు. అదే కాలంలో హైదరాబాదు నుంచి వచ్చి మా ఇంట్లో చిక్కుకుపోయిన మా మేనబావ నాకు ఆ ఫోన్‌లోనే పోకెమాన్ పోటీ ఆట నేర్పించాడు. చదువు కోసం వచ్చిన ఫోన్ ఏమైందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. ఒక్కొక్కరి దగ్గర ఆరు జీవులుంటాయి. ఒకసారికి ఒక్కటే బరిలోకి దిగుతుంది. ప్రతి వంతుకూ ఒక దెబ్బ కొట్టవచ్చు, లేదా దాన్ని వెనక్కి పిలిచి ఇంకోదాన్ని దింపవచ్చు. ప్రతి జీవికీ ఒకటో రెండో జాతులుంటాయి. నిప్పు, నీరు, గడ్డి, నేల, ఇట్లా ఇప్పుడు మొత్తం 18. నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు గడ్డిని కాలుస్తుంది. 1996లో ఆట మొదలైనప్పుడు జాతులు 15 మాత్రమే, ఉక్కు లేదు. 1999లో వచ్చిన రెండో విడత ఆటల్లో ఉక్కు జాతి పుట్టింది. ఇది పది జాతుల దెబ్బలను సగానికి సగం తగ్గించుకుంటుంది. విషమైతే అసలే ఎక్కదు. దాన్ని గట్టిగా దెబ్బతీసేవి మూడే: నిప్పు, మల్లయుద్ధం, నేల.

నేను ఎంచుకున్నది స్కార్మరీ. ఇది ఉక్కు పిట్ట, అంటే ఉక్కు జాతీ, ఎగిరే జాతీ రెండూ. ఎగురుతుంది కాబట్టి నేల దెబ్బ తగలదు. మల్లయుద్ధం దెబ్బ మామూలు దెబ్బగా మారిపోతుంది. కాని ఎగిరేదానికి కరెంటు అంటే గండం. కాబట్టి దీనికి శత్రువులు రెండే, నిప్పు ఒకటి, కరెంటు ఒకటి. దీని రక్షణ అంకె 140, దాడి అంకె 80. ఈ రెండంకెల్లోనే దీని జాతకమంతా ఉంది. ఇది కొట్టి గెలిచే పిట్ట కాదు.

మరి ఎట్లా గెలుస్తుంది? మొదట ఎదుటి పక్షం నేల మీద ముళ్ళు చల్లుతుంది. ఇక అవతల నేల మీద నడిచే ఏ జీవి బరిలోకి దిగినా ముళ్ళు తొక్కాల్సిందే. ఒకసారి చల్లితే దిగినప్పుడల్లా దాని బలంలో ఎనిమిదో వంతు పోతుంది, రెండోసారి చల్లితే ఆరో వంతు, మూడోసారి చల్లితే నాలుగో వంతు. తర్వాత సుడిగాలి విసురుతుంది. ఎదుట నిలబడ్డది ఎగిరి వెనక్కి పోతుంది, దాని బదులు ఇంకొకటి తనంతట తానే వచ్చి ముళ్ళ మీద పడుతుంది. మళ్ళీ సుడిగాలి, మళ్ళీ ముళ్ళు. నడుమ నడుమ పిట్ట రెక్కలు ముడిచి కూర్చొని సగం బలం తిరిగి తెచ్చుకుంటుంది. ఒక్క గట్టి దెబ్బ కొట్టకుండానే అవతలివాడి ఆరు జీవులూ నీరసించిపోతాయి. మా బావ దీన్ని "ముసలోళ్ళ ఆట" అని వెక్కిరించేవాడు. నాకు మాత్రం అదే నచ్చింది.

ఒక సాయంత్రం కొలిమి దగ్గర కూర్చొని ఆడుతుంటే తాత అడిగాడు.

"ఏందిరా గది?"

"ఉక్కు పిట్ట తాతా. దీనికి నిప్పంటె భయం."

తాత సమ్మెట పక్కన పెట్టి నవ్వాడు. "నిప్పంటె భయమా? నిప్పు లేకుంటె ఉక్కు ఏడికెల్లి వచ్చిందిరా? గది జేసినోనికి కొలిమి ఎర్కలేదు."

దానికి నా దగ్గర జవాబు లేదు. జపానువాళ్ళ దగ్గర కూడా ఉండదేమో.

మా బావ చేతిలో నేను మొదట ఓడిన ఆట ఇప్పటికీ గుర్తుంది. అతడు ఒక దయ్యం జాతి జీవిని దింపి 'రెచ్చగొట్టుడు' అనే ఎత్తు వేశాడు. ఆ ఎత్తుకు దొరికిన జీవి మూడు వంతుల దాకా దెబ్బ కొట్టడం తప్ప ఇంకేమీ చేయలేదు. నా పిట్ట ముళ్ళు చల్లలేదు, సుడిగాలి విసరలేదు, అలసట తీర్చుకోలేదు. చేతకాని దెబ్బలు కొట్టి కొట్టి చచ్చిపోయింది. అప్పుడు నేను బావను తిట్టి ఊరుకున్నాను. ఆ ఎత్తు అర్థం కావడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.

2022లో డిగ్రీకి వచ్చి హాస్టల్లో చేరాను. నా మాట, నా యాస, నా ట్రంకు పెట్టె, అన్నీ కొందరికి నవ్వులాటే. పక్క గదిలో పట్నం కుర్రాడొకడు రోజూ మెస్సులో "అడవి నుంచి బస్సు దొరికిందా?" అని అడిగేవాడు. నలుగురూ నవ్వేవాళ్ళు. పది రోజులు ఓర్చుకున్నాను. పదకొండో రోజు చేతిలోని పళ్ళెం విసిరాను. అతని కనుబొమ మీద తగిలి రెండు కుట్లు పడ్డాయి. నన్ను వారం రోజులు హాస్టల్ నుంచి పంపించేశారు. ఇందులో తప్పెవరిదని నన్నడిగితే, విసిరిన చెయ్యి నాది. నాకు చదువు వచ్చు, మాట వచ్చు, మౌనంగా ఉండటం వచ్చు. కాని రెచ్చగొట్టగానే నా దగ్గర ఉన్నవన్నీ మూతబడి, చేతకాని దెబ్బ ఒక్కటే మిగిలింది.

ఇంటికి పోతే బాపు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇక చదవను, ఇక్కడే ఏదైనా షాపులో పనికి కుదురుతానన్నాను. బాపు లేచి చేనుకు పోయాడు. తాత కొలిమిలో పంకా తిప్పమని నన్ను పిలిచాడు. ఒక కొడవలిని ఎర్రగా కాల్చి, సాపి, చుయ్యిమని నీళ్ళలో ముంచాడు.

"ఇప్పుడు ఇది గట్టివడ్డది. మస్తు గట్టిగున్నది. గని గిట్లనే ఇస్తె, సేన్ల రాయి తగిల్నప్పుడు పుటుక్కున ఇర్గుతది. ఎందుకో ఎర్కేనా? దీనికి గట్టితనమే ఉన్నది, ఓర్పు లేదు. మల్ల జెర కాక సూపియ్యాలె. గప్పుడు కొంచెం మెత్తవడ్తది, గని ఇర్గది."

దాన్ని మళ్ళీ సన్నని సెగ మీద పెట్టి రంగు మారేదాకా చూసి తీశాడు. నా పళ్ళెం సంగతి ఒక్క మాట ఎత్తలేదు. వారం కాగానే నన్ను బస్సెక్కించింది ఆయనే.

వచ్చాక ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పాను. అతడూ తల దించుకొని ఏదో అన్నాడు. అంతటితో మాటలు మొదలు కాలేదు. ఆట వల్ల మొదలయ్యాయి. 2023 ఆరంభంలో మా ఫ్లోర్ వాళ్ళంతా చేరి పోకెమాన్ పోటీ పెట్టుకున్నారు. చివరి ఆట నాకూ అతనికీ పడింది. నేను మామూలుగానే ఉక్కు పిట్టను దింపి ముళ్ళు చల్లాను. ఒకటి రెండు దెబ్బలు తిన్నా నిలబడ్డాను. గెలుపు చేతికొచ్చిందనుకుంటుండగా అతడు మాగ్నెజోన్‌ను దింపాడు. అది కరెంటు, ఉక్కు రెండు జాతులూ కలిసిన అయస్కాంతం. దాని ముందు నిలబడ్డ ఉక్కు జీవి వెనక్కి పోలేదు. నేను పిట్టను వెనక్కి పిలుద్దామని చూస్తే ఆ దారే మూసుకుపోయి ఉంది. నిండు బలంతో ఉంటే ఒక్క దెబ్బకు చావని గుణం దానికుంది గాని, అప్పటికే దెబ్బ తిని ఉంది. ఒక్క మెరుపుతో పోయింది. దాని మీదే ఆధారపడ్డ నా జట్టంతా ఆ వెనుకనే కూలిపోయింది.

ఆట అయ్యాక అతడే నా గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "నీ పిట్ట మంచిదే భాయ్, కాని ఒంటరిగా ఉంచినవ్. బ్లిస్సీ ఏది?" అన్నాడు.

బ్లిస్సీ ఒక గులాబీ రంగు దాది. దాని ఒంటి బలం 255. నిప్పూ కరెంటూ లాంటి దూరపు దెబ్బలను అది తింటుంది, మీద పడి కొట్టే దెబ్బలను పిట్ట తింటుంది. ఒకటి తట్టుకోలేనిది ఇంకొకటి తట్టుకుంటుంది. పాత ఆటగాళ్ళలో ఈ జోడీ ప్రసిద్ధం. నాకు తెలియక కాదు, మెత్తటి జీవి నా ఉక్కు జట్టులో ఎందుకని పెట్టుకోలేదు.

అప్పటికి నాకు మొదటి సెమిస్టర్ గణితం పోయి ఉంది. ఇంటి దగ్గర ఎవరికీ చెప్పలేదు. అతనికి ఆ రాత్రి చెప్పాను. అతడు నవ్వలేదు. "నాకు తెలుగు పోయేటట్టుంది, ఛందస్సు ఒక్క ముక్క ఎక్కుతలేదు" అన్నాడు. మరునాటి నుంచి రాత్రి తొమ్మిదింటికి అతడు నాకు లెక్కలు, నేనతనికి గురు లఘువులు. బ్యాక్‌లాగు తీరింది. అతనికి తెలుగులో నాకన్నా రెండు మార్కులు ఎక్కువ వచ్చాయి, ఆ సంగతి ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటాడు.

ఆ రోజుల్లోనే లైబ్రరీలో ఒక సంగతి చదివి ఆశ్చర్యపోయాను. గోదావరి దాటితే నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అని ఒక ఊరుంది. ప్రపంచ ప్రసిద్ధమైన డమాస్కస్ కత్తులకు కావలసిన ఉక్కును తయారుచేసిన చోట్లలో అదొకటి. 'ఊట్జ్' అని విదేశాల్లో పేరుపడ్డ ఆ ఉక్కు పేరు మన దక్షిణాది 'ఉక్కు' అన్న మాట నుంచే పోయిందని పండితులంటారు. రెండు వందల ఏళ్ళ కింద వాయ్సీ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త అక్కడ ఉక్కు చేసే తీరు కళ్ళారా చూసి రాశాడు. అది 1832లో అచ్చయింది. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి దగ్గరుండి కొనుక్కుపోయేవారట. ఆ ఉక్కును రెండు వేర్వేరు చోట్ల ఇనుములు కలిపి, మట్టి మూసలో మూతపెట్టి కరిగించి తీసేవారట. తాతకు ఫోన్‌లో చెప్తే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "ఒక్క తీరు ఇనుముతోని ఏమైతదిరా" అన్నాడు.

మొన్న దసరాకు ఊరికి పోయాను. బాపు ఫోన్ అప్పు తీరి చాలా కాలమైంది. ఆ అప్పుకు ఎన్ని పత్తి బస్తాలు పోయినయో నేనెన్నడూ అడగలేదు, ఈసారి అడిగాను. ఆయన చెప్పిన లెక్క ఇక్కడ రాయను. పండుగనాడు తాత దాగలి కడిగి, సమ్మెటకూ పటకారుకూ పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ చేతిలోకి తీసుకొని నా వైపు చూశాడు.

"నీ ఫోను గూడ ఈడ పెట్టు. నీ పనిముట్టు గదా."

పెట్టాను. దాని మీద కూడా ఒక కుంకుమ బొట్టు పడింది. కాయ కొట్టినంక అడిగాడు.

"ఇంతకు నీ ఉక్కు పిట్ట గెల్చిందా లేదా?"

"ఓడింది తాతా. నేను పాసైన."