మీర్ జుమ్లా: మేము దాటవేసిన పుట

చంద్రగిరి రాజమహల్ ఎదుట నిలిచి విద్యార్థులకు చరిత్ర చెప్పడం మాకు చాలా ఇష్టం. తిరుపతికి ఇంత చేరువలో ఉన్న ఈ కోట విజయనగర ప్రభువుల చివరి రాజధానులలో ఒకటి. 1646లో అది గోల్కొండ వశమైంది. ఆ కర్ణాటక దండయాత్రను నడిపిన మీర్ జుమ్లా కథకు దిగితే మాకు వేళ తెలియదు.

ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో నూనె వర్తకుని ఇంట పుట్టిన ముహమ్మద్ సయీద్ వజ్రాల వ్యాపారంతో గోల్కొండలో పైకి వచ్చాడు. మచిలీపట్నం పాలనాధికారియై, అటుపిమ్మట అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో మీర్ జుమ్లా పదవిని అందుకొన్నాడు. 1650లో పెమ్మసాని వారి గండికోటను పట్టుకొన్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఆ కోటలోనే అతనిని దర్శించాడు. నవాబు వట్టి కాళ్లతో కూర్చుండి, కాలివేళ్ల సందున కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ల సందున కొన్ని ఇరికించుకొని, ఒక్కొక్కటే తీస్తూ ప్రత్యుత్తరాలు వ్రాయిస్తున్నాడట! ఈ ఘట్టం వినిపిస్తే తరగతి యావత్తూ నవ్వుతుంది.

గత సంవత్సరం ఆ యాత్రా గ్రంథాన్ని తెలుగు చేసి చెబుతూ, ఒక పుటను మేము దాటవేశాము. ఫిరంగులు పోత పోయించడానికి మీర్ జుమ్లా ఆలయాల నుండి రాగి విగ్రహాలను తెప్పించాడనీ, వాటిలో ఒక గుడికి చెందిన ఆరు విగ్రహాలు ఎంత యత్నించినా కరగలేదనీ, ఫ్రెంచి పనివాడు తుదకు ఒక్క ఫిరంగినైనా పోయలేకపోయాడనీ అందులో ఉన్నది. ఈ ఊరిలో, ఈ పేరుతో, ఆ పుట చదవడానికి జంకాము.

గంట మ్రోగిన తరువాత ఒక విద్యార్థి గ్రంథాలయపు ప్రతితో వచ్చి, "మధ్యలో ఒక పేజీ వదిలేశారు సార్" అన్నాడు. వేళ చాలలేదన్నాము. అది అబద్ధం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అతడు మాకు తాత కాడు, ముత్తాత కాడు. ఈ సీమలో అతని పక్షాన కత్తి పట్టినవారిలో తుపాకి కృష్ణప్ప నాయకుడు ఒకడు. 1655లో కుతుబ్ షా తన కుమారుడు ముహమ్మద్ అమీన్‌ను చెరపట్టగా, మీర్ జుమ్లా ఔరంగజేబు పక్షం చేరాడు. మరుసటి యేడు మొగలు సేనలు గోల్కొండ మీద పడ్డాయి. ఉప్పు తిన్న ఇంటి మీదికే! ఈ సంగతి మేము ఏనాడూ దాచలేదు. పైపెచ్చు రుచిగా చెప్పేవారము. 1660లో బెంగాలు సుబేదారై రాజధానిని రాజమహల్ నుండి ఢాకాకు మార్చడమూ, 1662లో అహోముల గఢ్‌గావ్‌లో ప్రవేశించి వానలలో, జ్వరాలలో చిక్కుకొనడమూ, 1663లో తిరుగు దారిలో ఢాకా చేరకముందే కన్నుమూయడమూ చెప్పాము. ఆ ఒక్క పుట వద్దనే మా నాలుక తడబడింది. అతని గౌరవం కాపాడుతున్నామనుకొన్నాము గాని, కాపాడుకొన్నది మమ్మల్ని మేమే.

మరునాడు తరగతిలో హాజరు పిలిచి, ఆ పుటనే తెరిచి మొదటి వాక్యం నుండి చెప్పాము. గొంతు కొంచెం వణికింది. ఆ విద్యార్థి తన ముందున్న ప్రతిలో పంక్తి పంక్తికీ వ్రేలు జరుపుతూ విన్నాడు.