అన్నయ్య సుత్తి

మా ఇంటికి వచ్చినవారు నా పుస్తకాల అలమరను చూచి ఒక్క క్షణం ఆగుతారు. శబ్దరత్నాకరానికీ బాలవ్యాకరణానికీ ప్రక్కనే మూడు సుత్తులు ఉంటాయి. తెలుగు పండితుని ఇంట సుత్తి ఉండటంలో వింత ఏమున్నదని కొందరు చమత్కరిస్తారు కూడ. 1982లో జంధ్యాల గారి ‘నాలుగు స్తంభాలాట’ వచ్చిన తరువాత ఆ మాటకు ఊరూరా వ్యాపించిన అర్థం మీరు ఎరిగినదే. ఆ మరుసటి సంవత్సరమే నేను ఉద్యోగంలో చేరాను. పిల్లలు నాకు ఆ బిరుదు ప్రసాదించటానికి నెల రోజులు కూడ పట్టలేదు. రోజూ సంధులూ సమాసాలూ చెప్పేవానికి అది న్యాయంగా దక్కవలసినదే. ఆ హాస్యం అటుంచి, ఈ టపా నిజమైన సుత్తిని గురించినది.

మూడింటిలో మొదటిది మా అబ్బాయి బజారులో కొని తెచ్చినది. ఒక ప్రక్క మేకు కొట్టటానికి చదునైన ముఖం, వెనుక ప్రక్క మేకు పెరకటానికి రెండు కొమ్ములు, పిడికి రబ్బరు తొడుగు. దానిని నేను నిందించను. వంగిన మేకును పెరకటంలో దానికి సాటి లేదు. రెండవది చింతకొయ్యతో చేసిన సుత్తి. ఉలిని కొట్టటానికి అది. ఉలి పిడిని ఇనుముతో బాదితే పిడి నెత్తి పగిలి కుచ్చులాగా విచ్చుకొంటుంది. కొయ్యను కొయ్యతోనే కొట్టాలి. మూడవది మా అన్నయ్యది. అరకిలో తూగే ఇనుప తల, నల్లతుమ్మ పిడి. ఏండ్ల తరబడి మేకుల మీద పడి పడి దాని ముఖం అద్దంలాగా నునుపెక్కింది. నాకు ఇష్టమైనది అదే. ఎందుకు ఇష్టమో చెప్పటానికే ఇంత ఉపోద్ఘాతం.

మాది వడ్రంగం చేసుకొని బ్రతికిన కుటుంబం. నాన్నగారు పోయేనాటికి నేను ఆరవ తరగతి చదువుతున్నాను. అన్నయ్య నాకంటె అయిదేండ్లు పెద్ద. నాన్నగారి కర్మకాండ ముగిసిన మరునాడే బడి మానివేసి, ఆయన సంచి భుజాన వేసుకొని పనికి బయలుదేరాడు. ఆ సంచిలో బాడిస, రంపం, చిత్రిక, నాలుగు ఉలులు, బరమా, మూలమట్టం, ఈ సుత్తి ఉండేవి. నేను భాషాప్రవీణ చదివినా, పండిత శిక్షణ పొందినా, ఆ ఫీజులన్నీ ఆ సంచిలోనుండి వచ్చినవే. సెలవులలో ఇంటికి వచ్చి నేను సుత్తి పట్టుకొంటే అన్నయ్య లాగివేసుకొనేవాడు. “నీ చేతిలో సుద్దముక్క ఉండాలి తమ్ముడూ, ఇది కాదు” అనేవాడు.

అయినా చూస్తూ కొంత నేర్చుకొన్నాను. అన్నయ్య పిడిని తల దగ్గర పట్టుకొనేవాడు కాదు. కొసన, వదులుగా పట్టుకొనేవాడు. మేకును రెండు వ్రేళ్ళ నడుమ నిలిపి, ముందు రెండు చిన్న దెబ్బలు. మేకు తనంత తాను నిలబడిన తరువాత వ్రేళ్ళు తీసి, మూడు పెద్ద దెబ్బలు. “నువ్వు కొట్టకు, దాన్ని పడనియ్యి” అని నాకు చెప్పేవాడు. చేతి బలమంతా సుత్తిని పైకి ఎత్తటానికే. దిగేటప్పుడు దాని బరువే పని చేస్తుంది. సాయంకాలం దాకా పని చేసినా అన్నయ్య మణికట్టు నొప్పి పెట్టకపోవటానికి కారణం ఇదేనని చాలా కాలం తరువాత తెలిసింది.

నా వృత్తిలో నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటున్నది. మేము పద్యానికి చిత్రిక పట్టామంటాము, వాక్యాన్ని చెక్కామంటాము. మా గొప్ప మాటలన్నీ అన్నయ్య సంచిలోనుండి అరువు తెచ్చుకొన్నవే. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం వెలువడినప్పుడు పండితులు మెచ్చుకొన్నది అటువంటి మాటల సంపదనే. నేను కూడ ఆ పుస్తకాన్ని తరగతిలో ఎత్తి చూపించి పొగిడినవాడినే. మాటలను అంతగా మెచ్చుకొన్న నేను ఆ మాటలు పలికే మనిషి విషయంలో ఏమి చేశానో ఇప్పుడు చెప్పాలి.

1986 వేసవి ముగిసే రోజులు. మా బడిలో బల్లలు బాగుచేయటానికి వడ్రంగి కావలసి వచ్చాడు. ఎవరో చెప్పగా అన్నయ్య వచ్చాడు. నేను అక్కడ పని చేస్తున్నానని అతనికి తెలుసు. తమ్ముని బడి అని కూలి కొంత తగ్గించుకొని ఒప్పుకొన్నాడట. నేను వెళ్ళేసరికి ప్రధానోపాధ్యాయుడూ, మరి ఇద్దరు ఉపాధ్యాయులూ వరండాలో నిలబడి ఉన్నారు. అన్నయ్య చెమటతో తడిసిన బనియనుతో, నేల మీద కూర్చొని, బల్లకాలు బిగిస్తున్నాడు. నన్ను చూచి చిరునవ్వు నవ్వాడు. ప్రధానోపాధ్యాయుడు, “మాష్టారూ, ఇతను మీకు తెలిసిన మనిషా?” అని అడిగాడు.

“మా ఊరి వడ్రంగేనండి” అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కాని అంత పెద్ద అబద్ధం నేను మరెప్పుడూ ఆడలేదు. అన్నయ్య చేతిలో సుత్తి ఒక్క లిప్తపాటు ఆగింది. తల ఎత్తకుండానే, “అవునండి, మాష్టారిది మా ఊరే” అన్నాడు. మళ్ళీ దెబ్బలు వినిపించాయి. చిన్నవి రెండు, పెద్దవి మూడు.

అక్కడ పని చేసిన నాలుగు రోజులూ అతడు నన్ను మాష్టారూ అనే పిలిచాడు, మీరు అనే సంబోధించాడు. పండుగకు ఇంటికి వెళితే మాత్రం మామూలుగానే “తమ్ముడూ, అన్నం తిందువు గాని రా” అన్నాడు. ఆ విషయం ఏనాడూ ఎత్తలేదు. నేను ఎత్తుదామనుకొంటూనే ముప్పది అయిదేండ్లకు పైగా గడిపాను. సంస్కృతంలో సుత్తికి ముద్గరమని పేరు. శంకరుల భజగోవిందానికి మోహముద్గరమని మరొక పేరు. మోహాన్ని పగులగొట్టే సమ్మెట అని ఎన్ని తరగతులలో వ్యాఖ్యానం చెప్పానో లెక్క లేదు. నా మోహం పగులకుండానే పదవీ విరమణ చేశాను.

అన్నయ్య పోయి మూడేండ్లయింది. అతని కొడుకులిద్దరూ వేరే ఉద్యోగాలలో ఉన్నారు. సంవత్సరీకం నాడు వదిన ఆ సంచి తెచ్చి నా ముందు పెట్టి, ఏది కావాలో తీసుకోమన్నది. నేను చింతకొయ్య సుత్తినీ, ఈ ఇనుప సుత్తినీ తీసుకొన్నాను.

వేసవి వచ్చేసరికి పిడి ఎండి, ఇనుప తల కదలసాగింది. తలకూ పిడికీ నడుమ సంధి నిత్యమనుకొన్నాను. ఎండాకాలంలో వైకల్పికమని తేలింది. నీళ్ళలో నానవేశాను. బిగిసింది, ఆరిన తరువాత మునుపటికంటె వదులయింది. ఊరికి వెళ్ళినప్పుడు వెంట తీసుకొనిపోయి, అరుగు మీద కూర్చొని, తల మీద రాతితో కొడుతూ ఉంటే వదిన లోపలినుండి వచ్చింది.

“అలా కాదు మరిదిగారూ. తలకాయ కిందకి వేలాడేసి పిడి పట్టుకోండి. పైన పిడి కొస మీద కొయ్యసుత్తితో కొట్టండి. మీ అన్నయ్య అలాగే చేసేవారు.”

అట్లాగే చేశాను. క్రింద ఏ ఆధారమూ లేకుండ గాలిలో వ్రేలాడుతున్న ఇనుప తల, దెబ్బ దెబ్బకూ పిడి మీద పైకి ఎగబ్రాకింది. సైన్సు మాష్టారు దానిని జడత్వమంటారు. బరువైనది కదలటానికి బద్ధకిస్తుంది, తేలికైన పిడి దానిలోకి దిగుతుంది. తరువాత పిడి చివరనున్న కోతలో క్రొత్త చీల ఒకటి దిగగొట్టమని వదినే చెప్పింది. అప్పుడు కొయ్య పై ప్రక్క విచ్చుకొని తలను గట్టిగా పట్టుకొన్నది. నలుబది ఏండ్లు ప్రక్కన ఉండి చూచిన విద్య ఆమెది. ఇన్నాళ్ళూ ఆమెను ఎవరూ అడగలేదు, నాతో సహా.

పని అయిన తరువాత వదిన సుత్తిని చేతిలోకి తీసుకొని చూచి, “ఒకసారి మీ బళ్ళో బల్లలు బాగుచేసి వచ్చారు, గుర్తుందా? ఇంటికొచ్చి, తమ్ముడి పిల్లలు కూర్చునే బల్లలు, ఒక్కటీ కదలకుండా బిగించి వచ్చానన్నారు. ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నారో” అన్నది.

నేను తల ఊపాను. ఆ వరండాలో నేను అన్న మాట ఆమెకు తెలియదు. అప్పుడైనా చెప్పలేకపోయాను. మీకు చెప్పాను. మా వదినకు చదువు రాదు. దీనిని ఆమెకు చదివి వినిపించవలసినవాడిని నేనే. వచ్చే వారం ఊరికి వెళుతున్నాను.